పాచి

కింద కుడి దవడ, ఆరో పన్ను.
ఎక్స్‌రేలో వేరు కొసన మినపగింజంత మబ్బు.
"ఎన్నాళ్ళ నుంచి?"
"పోలమాంబ పండగ కాడ్నించమ్మా" అన్నాడు
సూరాడ అప్పలకొండ.

హార్బరులో ఓడల కింద అతని పని.
గాలిగొట్టం పళ్ళతో కరిచిపట్టుకుని
అడుగున అంటిన గుల్లల్ని
ఇనపచెక్కతో గీకడం.
మూడు బారల లోతు దాటితే పన్ను ఈల వేస్తుందట.
ఏడు నెలలుగా ఎడమవైపే కరిచి దిగుతున్నాడట.

నీలం రబ్బరు పరదా కప్పాను.
డాల్ఫిన్ నోస్ కొండలా
ఒక్క పన్నే బయట మిగిలింది.

మూత తెరవగానే వాసన.
ఎండాకాలం బస్సు గెడ్డ దాటేటప్పుడు
ఎవరూ చెప్పకుండానే అందరం ముక్కు మూసుకుంటామే,
అదే,
ఆవగింజంత.

కాలేజీలో మాకు వేరు కాలువని
తిన్నటి గీతగా బోర్డు మీద గీశారు.
అబద్ధం.
అది సింహాచలం కొండ దిగే గెడ్డ.
ఎక్కడ చీలుతుందో, ఎవరి పెరట్లోకి దూరుతుందో
ఏ మ్యాపులోనూ ఉండదు.
ఫైలు వెళ్ళేది పెద్ద దారే.
సందులన్నీ నీళ్ళకే వదలాలి.

నీళ్ళంటే హైపోక్లోరైట్.
తుఫాను వెళ్ళాక బావుల్లో చల్లే
బ్లీచింగు పొడికి చెల్లెలు.
పక్కన కన్నమున్న సూది,
కొసకి రెండు మిల్లీమీటర్లు ఇవతల.
నొక్కకూడదు. నొక్కితే వేరు దాటి మాంసాన్ని కాలుస్తుంది.
బొటనవేలు మొరటుది,
చూపుడువేలితో తొయ్యమని
మా మేడం నా చెయ్యి పట్టుకుని నేర్పింది.

బుడగలు.
సలోమి సక్షన్ గొట్టం దగ్గరకి జరిపింది.
మళ్ళీ పోశాను. మళ్ళీ బుడగలు.
అరగంట. ముప్పావుగంట.
ఒంటరిగా ఉంటే ఎప్పుడో కొట్టుకుపోయేవి.
జిగురు అల్లుకుని, ఒకదాని వెనక ఒకటి దాక్కుని,
ఇది మా వీధే అన్నట్టు ఉంటాయి.
పుస్తకం దాన్ని బయోఫిల్మ్ అంది.
మా అమ్మమ్మకి ఒక్క మాట సరిపోయేది.
బావిగట్టు మీద పాచి,
పడవ అడుగున పాచి,
తెల్లారి లేచి మొహం కడక్కుండా
కాఫీ అడిగిన నా నోట్లో పాచి.

చివరికి సున్నం పెట్టాను.
గోడకి, కిళ్ళీకి వెళ్ళే సున్నమే,
నా దగ్గర పేరు మార్చుకుని, గుజ్జుగా.
రెండు వారాలకి పైన తాత్కాలికంగా మూత.

పరదా తీశాక
మొద్దుబారిన పెదవి తడుముకుంటూ అడిగాడు:
"అన్నీ సచ్చిపోనాయేటమ్మా?"

అవునంటే సరిపోయేది.
బయట ఇంకా నలుగురున్నారు.
"లేదు. సందుల్లో కొన్ని ఉండిపోతాయి.
తిండి అందకుండా మూసేస్తాం."

సగం పెదవితో నవ్వాడు.
"మాదీ అదేనమ్మా.
గీకి పైకొచ్చేసరికి ఓడ తళతళ.
సింగపూరు ఎల్లి తిరిగొచ్చిందంటే మళ్ళీ గుల్లలే.
అందుకే గీకినాం అంటాం,
పోనాదని అనం."

రెండోసారి కాగితపుపుల్లలు
మూడు కాలువల్లోంచీ పొడిగా వచ్చాయి.
నింపాను. మూశాను.
సలోమి రిజిస్టరులో 'పూర్తి' అని రాసింది.
నేను చూసి ఊరుకున్నాను.

నెల తర్వాత తొడుగు వేయించుకోడానికొచ్చి
ఈల ఆగిందన్నాడు.
ఐదు బారలు దిగాడట,
కుడివైపే కరిచి.
లుంగీ మడతలోంచి ఒక గుల్ల తీసి
నా ట్రేలో, ఫైళ్ళ పక్కన పెట్టాడు.
తెల్లగా, గట్లు గట్లుగా, నడిమధ్య కన్నంతో.
"అచ్చం పన్నే కదమ్మా?"

అచ్చం పన్నే.
సలోమి దాన్ని బ్లీచులో వెయ్యబోతే ఆపాను.
లైటు కిందకి వంచి చూశాను.
లోపల, ఫైలు తిరగని మూలన,
ఎండి, సన్నగా, ఆకుపచ్చగా
ఇంకా ఉంది.